జాడీ అడుగున చేప

ఆ షాపులో అందరూ ఆయన్ని బెజ్జాలాయన అనే పిలుస్తారు. అసలు పేరు జీతమిచ్చే యజమానికి కూడా గుర్తులేదు. జాడీల అడుగున బెజ్జాలు వేయడం ఆయన పని.

జాడీలంటే వంటింటివి కావు. చైనా తరహావి. తెల్ల పింగాణీ మీద నీలం బొమ్మలు, లావుపాటి పొట్ట, సన్నటి మెడ, నెత్తిన టోపీలాంటి మూత. కొందరు పూలు పెట్టుకోవడానికి కొంటారు. ఎక్కువమంది లాంపులు చేయించుకుంటారు. లాంపు కావాలంటే అడుగున బెజ్జం పడాలి. బెజ్జంలోంచి ఇత్తడి గొట్టం, గొట్టంలోంచి వైరు, పైన బల్బు, దాని మీద గుడ్డ గొడుగు. పింగాణీకి బెజ్జం వేయడమంటే కోడిగుడ్డుకి వేసినట్టే. చెయ్యి కాస్త బరువైతే జాడీ రెండు ముక్కలు, యజమాని మొహం నాలుగు ముక్కలు.

ముందు వైపు షాపు, వెనక ఆయన రేకుల షెడ్డు, మేడ మీద బొమ్మలు వేసే గది. షాపు నిండా ఎర్ర కాగితం లాంతర్లు, మడత తెరలు, గాలికి గలగలమనే గొట్టాలు, పొట్ట చూపించి నవ్వే బొజ్జాయన బొమ్మలు, నోట్లో నాణెం కరుచుకున్న మూడు కాళ్ళ కప్పలు. కొత్త ఇల్లు కట్టుకున్నవాడికి ఏం ఇవ్వాలో తోచనివాళ్ళంతా అక్కడికే వస్తారు. పైన బోర్డు మీద ఎర్రగా చైనా అక్షరాలు ఉంటాయి. వాటి అర్థం యజమానికీ తెలియదు. ఒకసారి నిజంగానే ఆ దేశం మనిషి ఒకాయన దారిన పోతూ ఆగి, చదివి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వి వెళ్ళిపోయాడు. ఆ పూటంతా యజమాని అన్నం సరిగ్గా తినలేదు. బోర్డు మాత్రం మార్చలేదు.

మేడ మీద ఇద్దరు ఆడవాళ్ళు బొమ్మలు వేసేవారు. బెజ్జాలాయన భార్య పెద్ద కుంచె. ఆమె దగ్గర పని నేర్చుకున్న మనిషి చిన్న కుంచె. చిన్న కుంచెకి ఇద్దరు పిల్లలు, ఇంటెడు చాకిరీ, మూరెడు నాలుక. పెద్ద కుంచెని అక్కా అనేది కాబట్టి బెజ్జాలాయన ఆమెకి బావగారు. వరసకి తగ్గట్టు ఆటపట్టించేది. ఆయన పలికేవాడు కాదు. పలకడం ఆయనకి చిన్నప్పటి నుంచీ బరువే. పల్లెటూరి బళ్ళో నోరు విప్పితే బెత్తం పడేది. ఆ అలవాటు అలాగే ఉండిపోయింది.

ఆయన ఎప్పుడూ మేడ ఎక్కలేదు. ఎక్కాల్సిన పని లేదు. జాడీలు పైన బొమ్మ వేయించుకుని, మెరుగు పూత పూయించుకుని, బట్టీలో కాలి, గీతలు పడకుండా గోనెపట్టా చుట్టించుకుని ఆయన దగ్గరికి తలకిందులుగా వచ్చేవి. అడుగొక్కటే బయటికి కనిపించేది. దాన్ని ఇసక తొట్టిలో నిలబెట్టి, చుట్టూ మట్టికట్ట కట్టి, నీళ్ళు పోసి, బెజ్జం వేసే మోటారు బిట్టు ఆనించేవాడు. పని అయ్యాక పట్టా విప్పేది ప్యాకింగువాళ్ళు. పొట్ట మీద పిట్టలున్నాయో మబ్బులున్నాయో ఆయనకి తెలియదు. ఆయనకి జాడీ అంటే అడుగే.

పనిలో చేరిన కొత్తలో ఆయన చేతిలో జాడీలు వరసగా పగిలాయి. పూత నున్నన. బిట్టు మొన నిలవక జారేది, మధ్య తప్పేది, పక్కకి బీట కొట్టేది. ఇంకొక్కటి పగిలితే ఇంటికే అని యజమాని చెప్పేశాడు. ఆ తరవాతి బట్టీలో వచ్చిన జాడీ అడుగున, సరిగ్గా నడిమధ్య, ఒక నీలం చేప ఉంది. చిటికెన వేలి గోరంత. నాలుగు గీతల్లో ఒళ్ళు, ఒక విసురులో తోక. కన్ను మాత్రం వేయలేదు. కంటి చోట మైనపు చుక్క పెట్టి కాల్చినట్టుంది, అక్కడ పూత పట్టలేదు, గరుగ్గా ఉంది. ఆయన బిట్టు మొన ఆ కంట్లో ఆనించాడు. జారలేదు. బెజ్జం వెన్నలో పడినట్టు పడింది.

అప్పటి నుంచి ఆయన దగ్గరికొచ్చే ప్రతి జాడీకీ చేప ఉండేది. ఒకటి పక్కకి తిరిగి, ఒకటి తోక ఎత్తి, ఒకటి నోరు తెరిచి. ఏ రెండూ ఒకలా ఉండవు. ఆయన చూసేవాడు, కంట్లో మొన ఆనించేవాడు, మోటారు వేసేవాడు. ఆ రోజుల్లో బిట్టు మొన శూలంలా ఉండేది. తాకినచోటల్లా పిండి చేసేది. నీళ్ళలో ముందు సన్నటి నీలం దారం లేచేది, ఆ వెంటనే అంతా తెల్ల బురద. బురద బకెట్లోకి, బకెట్టు కాలవలోకి.

ఒకసారి మధ్యాహ్నం షెడ్డు నీడలో కూర్చుని తింటున్నప్పుడు భార్య అడిగింది.

"చేప ఎలా ఉందయ్యా?"

ఆయన ముద్ద మింగి ఆలోచించాడు.

"సరిగ్గా మధ్యలో ఉంది," అన్నాడు.

ఆమె పొలమారేదాకా నవ్వింది. పైకెళ్ళి చిన్న కుంచెకి చెప్పింది. అంతే, అది షాపులో సామెత అయి కూర్చుంది. టీ ఎలా ఉందంటే మధ్యలో ఉంది, కొత్త చెప్పులు ఎలా ఉన్నాయంటే మధ్యలో ఉన్నాయి. యజమాని కూడా అనేవాడు. అందులో నవ్వడానికి ఏముందో బెజ్జాలాయనకి ఎప్పటికీ అర్థం కాలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాడు.

వానలు మొదలైనప్పుడు ఆమెకి జ్వరం వచ్చింది. వానలు వెలిసేసరికి ఆమె లేదు.

పలకరించడానికి వచ్చినవాళ్ళు తలో మాట అన్నారు. మాటలు ఊరికే వస్తాయి కాబట్టి అన్నారని ఆయన అనుకున్నాడు. అందులో అందరూ అన్నది ఒకటుంది. ఆవిడకేం, సగం ఊరు ఇళ్ళలో ఆవిడ చేతి బొమ్మలున్నాయి, ఆవిడ పోయినా అవి ఉంటాయి అని. ఆయన ఆ మాట అన్నవాళ్ళ మొహం చూడలేదు. ఆ బొమ్మలు ఆమెవి కావు. యజమాని ఎక్కడి నుంచో తెప్పించిన నమూనా బొమ్మల పుస్తకంలోవి అని ఆమే చెప్పేది. అదే కొమ్మ, అవే పిట్టలు, అదే వంతెన, వంతెన మీద అదే గొడుగు మనిషి. ఆమె వేసినా అదే, చిన్న కుంచె వేసినా అదే. చెయ్యి తప్పి ఆకు ఒకటి ఎక్కువ పడితే యజమాని చెరిపించేవాడు. పుస్తకంలో లేకుండా ఆమె సొంతంగా వేసింది ఆ చేప ఒక్కటే.

ఆ చేపలన్నిటినీ పిండి చేసి కాలవలో పోసింది ఎవరో ఆయనకి ఒకరు చెప్పక్కర్లేదు.

అప్పుడు పట్టుకుంది ఆయనకి ఆ కోరిక. ఒక్క చేపని చూడాలి. బెజ్జం పడనిది. ఎక్కడో ఒక పూల జాడీ అడుగున ఉండే ఉంటుంది. ఇన్నేళ్ళు వేసిన చెయ్యి పూల జాడీకి వేయకుండా ఊరుకోదు కదా. దాన్ని ఇంటికి తెచ్చుకోవాలని కూడా లేదు. చూస్తే చాలు.

ఆమె పోయాక జాడీలు బోడి అడుగుతో వచ్చాయి. ఆయన చేతిలో మళ్ళీ పగలడం మొదలుపెట్టాయి. చేతులు వణుకుతున్నాయని అందరూ అనుకున్నారు. చేతులు బాగానే ఉన్నాయి, మొన ఆనించే చోటు పోయింది. యజమాని తిట్టి తిట్టి చివరికి కొత్త రకం బిట్లు తెప్పించాడు. అవి గుల్లవి. గొట్టంలా ఉండి అంచుతో మాత్రమే కోస్తాయి. మధ్యలోది పిండి కాదు, రూపాయి బిళ్ళంత ముక్క ఊడి చేతిలోకొస్తుంది. చిన్న కుంచెని పిలిచి, అడుగున మధ్యలో నీలంతో ఇంటూ గుర్తు పెట్టమన్నాడు. బెజ్జాలు మళ్ళీ కుదిరాయి. ఇంటూ గుర్తు ఉన్న బిళ్ళలు రేకు డబ్బాలో పోగుపడ్డాయి.

ఈ గుల్ల బిట్టు ముందే కొని ఉంటే ప్రతి చేపా బిళ్ళ మీద నిలిచేది. ఒక్క గీతా పోయేది కాదు. బెజ్జాలాయన ఈ సంగతి ఎవరితోనూ అనలేదు. అనుకున్నాడు, పళ్ళు నూరుకున్నాడు, మోటారు వేశాడు.

షాపు తెరిచే వేళకి ముందే వచ్చి అరల మీది జాడీలన్నీ ఎత్తి చూశాడు. అన్నీ బోడివి. అన్నీ చిన్న కుంచె వేసినవి. పెద్ద కుంచె వేసినవి ఎప్పుడో అమ్ముడైపోయాయి. యజమాని తలుపు దగ్గర నిలబడి చూశాడు.

"ఏమయ్యా, బొద్దింకల్ని వెతుకుతున్నావా?"

"కాదు."

"మరి?"

బెజ్జాలాయన చేతిలోని జాడీని అరలో పెట్టి షెడ్డులోకి వెళ్ళిపోయాడు. యజమాని చిన్న కుంచెతో, మీ బావగారికి ఒక నట్టు వదులైందని అన్నాడట. ఉన్నదే ఒక నట్టు, అది కూడా బిగుసుకుపోయింది అని ఆమె జవాబిచ్చిందట.

కొన్నాళ్ళకి పళ్ళ డాక్టరమ్మ వచ్చింది. పాత ఖాతాదారు. కొత్త సోఫాకి రెండు పక్కలా రెండు లాంపులు కావాలంది. మా ఇంట్లో ఉన్న పూల జాడీకి జోడు కుదరాలి, అవే పిట్టలు ఉండాలి అని గట్టిగా చెప్పింది. ఆ జాడీ మీ మేడ మీదావిడ తన ఎదుటే వేసిందనీ, తను స్టూలు వేసుకుని కూర్చుని చూసిందనీ అంది. ప్యాకింగు బల్ల దగ్గర వైర్లు చుడుతున్న బెజ్జాలాయన చెయ్యి ఆగిపోయింది.

లాంపులు తయారయ్యాక వాటిని తీసుకెళ్ళి బిగించి రావడానికి తనే వెళ్తానన్నాడు. ఎప్పుడూ గుమ్మం దాటని మనిషి. యజమాని వింతగా చూసి, మెత్తగా మాట్లాడమని మాత్రం చెప్పాడు. పులిని పిల్లిలా అరవమన్నట్టు.

డాక్టరమ్మ ఇల్లు నాలుగో అంతస్తులో. తలుపు తీయగానే నవ్వే బొజ్జాయన, ఆయన పక్కన మూడు కాళ్ళ కప్ప, ఇంటి లోపలికి మొహం పెట్టి. గోడకి ముడులు వేసిన ఎర్ర తాడు. హాలు మూలన, నల్ల పీట మీద, జాడీ.

బెజ్జాలాయన చెప్పులు విప్పి అక్కడే నిలబడిపోయాడు. భార్య వేసిన బొమ్మని నిలువుగా, పొట్ట వైపు నుంచి, వెలుతురులో చూడడం అదే మొదలు. నీళ్ళ మీద రెండు పిట్టలు. పక్కన రెల్లు దుబ్బు. బాగుందో లేదో ఆయనకి తెలియలేదు. ఎలా చూడాలో తెలియలేదు. బొమ్మలో నీళ్ళు అలలు అలలుగా ఉన్నాయి. వాటిలో చేపలు లేవు. పుస్తకంలో లేవు కాబట్టి.

జాడీ నిండా గులకరాళ్ళు, వాటిలో గుచ్చిన ఎండు వెదురు పుల్లలు. డాక్టరమ్మ ఆయన చూపు గమనించి ముందే హెచ్చరించింది. ఇంటికి చైనా వాస్తు చూసిన నిపుణుడు అది ఆ మూలనే ఉండాలన్నాడట. కదపకూడదట. మూతి కిందికి వంచితే ఇంట్లో ఉన్నదంతా కారిపోతుందట. తనకి అంత నమ్మకం లేదనీ, కానీ అది పెట్టాక ఇంట్లో గొడవలు తగ్గిన మాట నిజమనీ అంది.

ఆయన లాంపులు బిగించాడు. వైర్లు సోఫా వెనక నుంచి కనపడకుండా తీశాడు. దీపాలు వెలిగాయి. డాక్టరమ్మ మురిసింది. అప్పుడు ఆయన అడిగాడు.

"ఆ జాడీ అడుగు ఒకసారి చూడాలమ్మా."

"అడుగా? ఎందుకండీ?"

చెప్పడం ఎలాగో ఆయనకి చేతకాలేదు. "మా ఇంటావిడ వేసింది," అన్నాడు.

డాక్టరమ్మ మొహం విచ్చుకుంది. ఆవిడ మీ భార్యా అని, ఎంత కలుపుగోలు మనిషని, బొమ్మ వేస్తున్నంతసేపూ కబుర్లు చెప్పిందని, పన్ను నొప్పికి మందు అడిగిందని, ఇప్పుడెలా ఉందని వరసగా అడిగింది.

"పోయింది," అన్నాడు బెజ్జాలాయన.

ఆమె నొచ్చుకుంది. నిజంగానే నొచ్చుకుంది. మంచినీళ్ళు తెచ్చిచ్చింది. ఎంతసేపు కావాలంటే అంతసేపు చూసుకోమంది.

"కానీ కదపకండి, ఏమీ అనుకోవద్దు. బొమ్మంతా పైనే ఉంది కదండీ. అడుగున ఏముంటుంది?"

జాలి చూపించడంలో జనం ఎంత దూరం వస్తారో ఆయనకి తెలుసు. తమ వస్తువు దాకా వస్తారు. అక్కడ ఆగిపోతారు.

లోపల ఫోను మోగింది. ఆమె వెళ్ళింది. ఆయన వెదురు పుల్లలు తీసి పక్కన పెట్టాడు. జాడీని రెండు చేతులతో ఎత్తుకుని నేల మీద కూర్చున్నాడు. రాళ్ళతో అది బరువుగా ఉంది. ఒళ్ళో పెట్టుకుని వంచాడు. రాళ్ళు మెల్లగా దించుదామనుకున్నాడు గానీ అవి ఆగలేదు. గలగలమని కారి సోఫా కిందికి, కప్ప కిందికి, గుమ్మం దాకా దొర్లాయి. ఆయన అటు చూడలేదు. బొటనవేలితో దుమ్ము తుడిచాడు. వంగి, మొహం దగ్గరికి పెట్టుకుని, వెలుతురుకేసి తిప్పి చూశాడు.

తెల్లగా ఉంది. నున్నగా ఉంది. అంచు నుంచి అంచు దాకా ఒక్క గీత లేదు.

మళ్ళీ తుడిచాడు.

డాక్టరమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. నేలంతా రాళ్ళు.

"ఏం చేస్తున్నారండీ మీరు?"

"పగులు ఉందేమోనని."

"ఉందా?"

"లేదు," అన్నాడు ఆయన. "ఏమీ లేదు."

మోకాళ్ళ మీద పాకి రాళ్ళన్నీ ఏరాడు. జాడీలో పోశాడు. పుల్లలు గుచ్చాడు. ఆమె సోఫా చివర కూర్చుని చూసింది. బొజ్జాయన నవ్వుతూనే ఉన్నాడు. వాడికి అదొక్కటే పని.

షాపుకి వచ్చేసరికి యజమానికి ఫోను అందింది.

"ఆవిడ ఇంట్లో భాగ్యమంతా ఒంపేసి వచ్చావటయ్యా!"

"రాళ్ళు తప్ప ఏమీ పడలేదు," అన్నాడు బెజ్జాలాయన.

యజమాని ఇంకా ఏదో అంటూనే ఉన్నాడు. బెజ్జాలాయన ఆ గొంతు దాటుకుంటూ వెళ్ళి మేడ మెట్లు ఎక్కాడు. మొట్టమొదటిసారి. మెట్లు ఇరుకు. పైన గది కూడా ఇరుకే. కిటికీ కింద రెండు పీటలున్నాయి. ఒక పీట మీద చిన్న కుంచె కూర్చుని ఉంది. రెండో దాని మీద రంగు గిన్నెలు పెట్టి ఉన్నాయి.

చిన్న కుంచె ఆయన్ని చూసి కుంచె కింద పెట్టింది. ఎప్పుడూ ఉండే వెటకారం ఆమె నోట రాలేదు. ఆయన నిలబడే అన్నాడు. డాక్టరమ్మ జాడీ మీ అక్క వేసింది కాదు, ఆ డాక్టరమ్మ అబద్ధమాడింది, దాని అడుగున చేప లేదు అని.

ఎంతసేపటికో గానీ చిన్న కుంచెకి అర్థం కాలేదు. అర్థమయ్యాక తల దించుకుంది.

"అక్కే వేసింది బావగారూ. నేనిక్కడే ఉన్నాను."

"మరి చేపేది?"

"పూల జాడీలకి వేసేది కాదు అక్క. ఒక్కదానికీ వేయలేదు. నేనే అడిగాను ఒకసారి, వీటికెందుకు వేయవని. పూల జాడీ అడుగు ఎవడు చూస్తాడే అంది. లాంపు జాడీ అయితే ఆయన చూస్తాడు, ఆయన ఒక్కడే చూస్తాడు అంది."

కిందనుంచి యజమాని గొంతు ఇంకా వినిపిస్తోంది.

"బట్టీలో పెట్టేముందు నాకు కూడా చూపించేది కాదు," అంది చిన్న కుంచె. "బోర్లించి పట్టుకుని వేసేది."

బెజ్జాలాయన రెండో పీట మీది గిన్నెల కేసి చూశాడు.

"ముందే చెప్పాల్సింది," అన్నాడు.

"అడిగుంటే చెప్పేదాన్ని. మీరు ఎవర్ని ఏం అడిగారు గనక?"

ఆ మాట అన్నాక ఆమెకే బాధ కలిగింది. లేచి, రెండో పీట మీది గిన్నెలు తీసి, కూర్చోమంది. ఆయన కూర్చోలేదు. చేప ఎలా ఉండేదో చెబితే తను ఒకటి వేసిస్తానంది. చెయ్యి తిప్పడం అక్క దగ్గరే నేర్చుకున్నాను, అచ్చం అలాగే దించుతాను, కాల్చి ఇస్తాను, ఇంట్లో పెట్టుకోండి అంది.

"వద్దు," అన్నాడు ఆయన.

ఎలా ఉండేదో చెప్పమంటే ఆయనకి ఒక్కటే గుర్తుంది. మధ్యలో ఉండేది.

మెట్లు దిగాడు. షెడ్డులో ఒక జాడీ ఇసక తొట్టిలో తలకిందులుగా నిలబెట్టి ఉంది, గోనెపట్టా చుట్టి, సాయంత్రానికి ప్యాకింగుకి పోవాల్సింది. అడుగున నీలం ఇంటూ గుర్తు. ఆయన మట్టికట్ట కట్టాడు. నీళ్ళు పోశాడు. గుర్తు మధ్యకి గుల్ల బిట్టు సరిచేసి మోటారు వేశాడు. నీళ్ళు తెల్లబడ్డాయి. నీలం దారం లేవలేదు.

బిళ్ళ ఊడింది. వేలితో తీసి, కడిగి, వెలుతురుకేసి పట్టుకుని చూశాడు. ఇంటూ గుర్తు చెక్కుచెదరలేదు. దాన్ని డబ్బాలో వేసి, తరవాతి జాడీ అందుకున్నాడు.